62 శాతం ఓట్లతో గెలిచి ఓడినవాళ్లకు మంత్రి పదవులెందుకు? మండేలా 1994 మంత్రివర్గం మీద చర్చ

పాతపేపరు:
అందరికీ నమస్కారం. దక్షిణాఫ్రికా 1994 ఎన్నికల గురించి చదువుతున్నాను. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు (ఏఎన్‌సీ, మండేలా పార్టీ) 62.65 శాతం ఓట్లు, 400లో 252 సీట్లు. మన దగ్గర ఇంత మెజారిటీ వస్తే మిత్రపక్షాలకు కూడా ఏదో ఒకటీ అరా పదవి ఇచ్చి సరిపెడతారు. అక్కడ చూస్తే మండేలా మంత్రివర్గంలో, ఆయన్ను 27 ఏళ్లు జైల్లో ఉంచిన నేషనల్ పార్టీ వాళ్లు ఆరుగురు. నటాల్ రాష్ట్రంలో ఏఎన్‌సీ వాళ్లతో ఏళ్ల తరబడి నెత్తుటి గొడవలు నడిపిన ఇంకాథా పార్టీ వాళ్లు ముగ్గురు. పైగా మొన్నటి అధ్యక్షుడు, నేషనల్ పార్టీ నాయకుడు డి క్లర్క్ ఇప్పుడు ఉపాధ్యక్షుడు!

చాలా చోట్ల దీన్ని మండేలా పెద్దమనసు అని ఒక్క మాటలో తేల్చేస్తున్నారు. నాకు నమ్మకం కుదరట్లేదు. ఇది చట్టం చేయించిందా, ఆయన ఇష్టపడి చేశాడా? అంత మంచి ఏర్పాటైతే డి క్లర్క్ రెండేళ్లకే ఎందుకు లేచి వెళ్లిపోయాడు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

లెక్కలమాస్టారు:
చట్టమే. 1993 తాత్కాలిక రాజ్యాంగం 88వ సెక్షన్. అధ్యక్షుడు, ఉపాధ్యక్షులు కాక 27 మందికి మించకుండా మంత్రులు. జాతీయ సభలో కనీసం 20 సీట్లు, అంటే 5 శాతం, ఉన్న పార్టీ ఏదైనా సరే, మేం ప్రభుత్వంలో చేరతాం అంటే దానికి శాఖలు ఇచ్చి తీరాలి. గెలిచిన పార్టీ ఇష్టాయిష్టాలతో పనిలేదు.

ఎన్ని ఇవ్వాలో కూడా రాసిపెట్టారు. చేరిన పార్టీల సీట్లన్నీ కూడి, శాఖల సంఖ్యకు ఒకటి కలిపి దాంతో భాగించాలి. ఏఎన్‌సీ 252, నేషనల్ పార్టీ 82, ఇంకాథా 43, మొత్తం 377. దాన్ని 28తో భాగిస్తే 13.46. అది 252లో 18 సార్లు పోతుంది, 82లో 6 సార్లు, 43లో 3 సార్లు. 18+6+3 = 27. పంచగా ఒక్క శాఖ కూడా మిగల్లేదు. క్లాసులో చెప్పుకోవడానికి ఇంత చక్కటి ఉదాహరణ దొరకదు.

ఫ్రీడమ్ ఫ్రంట్‌కు 9, డెమోక్రటిక్ పార్టీకి 7, పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్‌కు 5 వచ్చాయి. 20 దాటలేదు కాబట్టి హక్కు లేదు. ఉపాధ్యక్ష పదవికి కావాల్సినవి 80 సీట్లు. నేషనల్ పార్టీ 82తో గట్టెక్కింది.

చిరుసందేహం:
మాస్టారూ, అంటే ఇంకో మూడు సీట్లు తగ్గి ఉంటే డి క్లర్క్‌కు ఆ పదవి వచ్చేది కాదా?

ఓరుగల్లు శారద:
వచ్చేదండి. 84వ సెక్షన్‌లో దానికీ దారి పెట్టారు. 80 సీట్లు ఒక్క పార్టీకే ఉన్నా, అసలు ఎవరికీ లేకపోయినా, మొదటి రెండు స్థానాల్లో ఉన్న పార్టీలు చెరొక ఉపాధ్యక్షుణ్ణి పెట్టుకోవచ్చు. కాబట్టి రెండో స్థానంలో ఉన్నంతవరకు డి క్లర్క్ పదవికి ఢోకా లేదు. 80 సీట్ల షరతు దెబ్బ కొట్టింది మూడో పార్టీకి, అంటే ఇంకాథాకు.

పాతపేపరు గారూ, పదవుల లెక్క కంటే 89వ సెక్షన్ ముఖ్యం. మంత్రివర్గం పనిచేసేటప్పుడు ఏకాభిప్రాయం కోసం ప్రయత్నించే స్ఫూర్తినీ, ప్రభుత్వం సమర్థంగా నడవాల్సిన అవసరాన్నీ దృష్టిలో పెట్టుకోవాలి అని ఉంది. అంతే. దృష్టిలో పెట్టుకోవాలి! ఏకాభిప్రాయం రాకపోతే ఏం చేయాలో లేదు, వీటో లేదు, మూడింట రెండు వంతుల షరతు లేదు. నేను లాయర్‌ని. ఇలాంటి వాక్యం కనిపిస్తే దాని వెనక ఎవరో గట్టిగా అడిగి, చివరికి ఓడిపోయి ఉంటారని అనుమానం వస్తుంది.

ఇక్కడ అదే జరిగింది. 1991లో నేషనల్ పార్టీ అడిగింది వంతులవారీ అధ్యక్ష పదవి, పెద్ద పార్టీల నాయకులంతా కలిసి అధ్యక్షస్థానం నడపడం. తర్వాత కనీసం మంత్రివర్గ నిర్ణయాలకైనా మూడింట రెండు వంతుల మద్దతు కావాలంది. 1993 నవంబరులో, తాత్కాలిక రాజ్యాంగం ఖాయమయ్యే చివరి బేరాల్లో, అదీ వదిలేసింది. మిగిలింది ఈ 'స్ఫూర్తి'. అంటే కుర్చీలకు గ్యారంటీ ఉంది, మాట చెల్లుతుందన్న గ్యారంటీ లేదు.

సీమ రాముడు:
ఏమోనండీ, నాకు ఇదంతా పదవుల పంపకంలాగే ఉంది. ఇన్నేళ్లు దేశాన్ని జాతిపేరుతో చీల్చి పాలించినవాళ్లు ఎన్నికల్లో 20 శాతం తెచ్చుకుని మళ్లీ ఎర్రబుగ్గ కార్లెక్కారు. పిక్ బోతా పాత ప్రభుత్వంలో 1977 నుంచి విదేశాంగ మంత్రి. 1994లో గనులు, ఇంధన శాఖ. ఆర్థిక మంత్రి డెరెక్ కీస్ డి క్లర్క్ ప్రభుత్వంలోనూ ఆర్థిక మంత్రే. రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ కూడా పాతాయనే. మారిందేమిటి?

పాతపేపరు:
రాముడు గారూ, పోలీసు, రక్షణ, న్యాయ శాఖలు మాత్రం మారాయి కదా. పోలీసు శాఖ సిడ్నీ ముఫమాడికి, రక్షణ జో మోడిసేకి, న్యాయం డుల్లా ఒమర్‌కి. మూడూ ఏఎన్‌సీ దగ్గరే. మోడిసే ఏఎన్‌సీ సాయుధ విభాగానికి కమాండర్‌గా చేసినవాడు! ఆయన పాత సైన్యానికి మంత్రి అయ్యాడు.

సీమ రాముడు:
సరే, లాఠీ మారింది. గల్లాపెట్టె?

లెక్కలమాస్టారు:
గల్లాపెట్టె సంగతి వినండి. కీస్ 1994లోనే రాజీనామా చేశాడు. ఆయన స్థానంలో క్రిస్ లీబెన్‌బెర్గ్ అనే బ్యాంకర్ వచ్చాడు. ఏ పార్టీ వాడూ కాదు. శాఖలేమో పార్టీలకు సీట్ల లెక్కన పంచేవి. పార్టీ లేని మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలి? ఈ ఒక్క మనిషి కోసం రాజ్యాంగాన్నే సవరించారు. 1996లో ట్రెవర్ మాన్యుయెల్ వచ్చేదాకా ఏఎన్‌సీ ఆర్థిక శాఖను తన మనిషికి ఇవ్వలేదు. పెట్టుబడిదారులు బెదిరిపోతారని టెన్షన్. దీనికి రాజ్యాంగం బలవంతమేమీ లేదు, అది ఏఎన్‌సీ సొంత జాగ్రత్త.

జోబర్గ్ ప్రవాసి:
ఈ దారం ఆలస్యంగా చూశాను. ఉద్యోగరీత్యా ఇక్కడే ఉంటున్నాను కాబట్టి కొంచెం స్థానిక సంగతులు.

అసలు ఈ ఏర్పాటు ఆలోచన నేషనల్ పార్టీది అనుకుంటారు చాలామంది. బహిరంగంగా ముందుకు తెచ్చింది కమ్యూనిస్టు అగ్రనేత జో స్లోవో, 1992లో. దాన్ని ఇక్కడ 'సన్‌సెట్ క్లాజ్' అంటారు. కొన్నేళ్లపాటు తప్పనిసరిగా అధికారం పంచుకుందాం, పాత ప్రభుత్వ ఉద్యోగుల ఉద్యోగాలకూ పెన్షన్లకూ హామీ ఇద్దాం, గడువు తీరాక ఇవన్నీ రద్దయిపోతాయి. స్లోవో కాక ఇంకెవరైనా ఇది అని ఉంటే ద్రోహి అనేవాళ్లు. ఏఎన్‌సీ సాయుధ పోరాటంలో ముందువరసలో ఉండి, తెల్ల ప్రభుత్వం బద్ధశత్రువుగా చూసిన మనిషి చెప్పాడు కాబట్టి పార్టీ విన్నది. అప్పటికీ పాలో జోర్డాన్ లాంటివాళ్లు గట్టిగా వ్యతిరేకించారు. తమాషా ఏమిటంటే 1994లో స్లోవో గృహనిర్మాణ మంత్రి, జోర్డాన్ తంతి తపాలా మంత్రి. ఇద్దరూ ఒకే బల్ల చుట్టూ. స్లోవో 1995 జనవరిలో క్యాన్సర్‌తో చనిపోయాడు.

అప్పటి పరిస్థితి కూడా గుర్తుంచుకోవాలి. 1992 జూన్‌లో నల్లజాతివాళ్ల బస్తీ బోయిపటాంగ్‌లో జరిగిన ఊచకోత తర్వాత చర్చలు ఆగిపోయాయి. 1993 ఏప్రిల్ 10న కమ్యూనిస్టు నేత క్రిస్ హానీని ఇంటి ముందే కాల్చేశారు. ఆ జూన్‌లో కెంప్టన్ పార్క్‌లో చర్చలు జరుగుతున్న భవనం అద్దాల గోడను తెల్లజాతి తీవ్రవాదులు సాయుధ వాహనంతో గుద్ది లోపలికి చొరబడ్డారు. సైన్యం, పోలీసు, సచివాలయం మొత్తం పాతవాళ్ల చేతుల్లోనే ఉంది. రాముడు గారూ, స్లోవో లెక్క ఇది: మనం వాళ్లను యుద్ధంలో ఓడించలేదు, లొంగిపోయిన సైన్యంతో మాట్లాడట్లేదు.

చిరుసందేహం:
జోబర్గ్ అన్నా, మంత్రివర్గంలో జే నాయుడు పేరు చూశాను. మన తెలుగాయనేనా?

జోబర్గ్ ప్రవాసి:
ఈ ప్రశ్న ఎవరైనా వేస్తారని తెలుసు :) ఇంటిపేరు చూసి సంబరపడకు తమ్ముడూ. ఇక్కడ తమిళ కుటుంబాల్లోనూ నాయుడు పేరు మామూలే. జే నాయుడు డర్బన్‌లో పుట్టాడు. కోసాటు కార్మిక సమాఖ్యకు 1985లో తొలి ప్రధాన కార్యదర్శి. మండేలా ఆయన్ను శాఖలేని మంత్రిగా తీసుకుని అధ్యక్ష కార్యాలయంలో పునర్నిర్మాణ అభివృద్ధి కార్యక్రమం అప్పజెప్పాడు. మొదటి ఏడాది దానికి 250 కోట్ల రాండ్లు, అదీ ఇతర శాఖల బడ్జెట్ల నుంచి కోసి తెచ్చినవి. కోత పడిన మంత్రులు ఈయన్ను ఎంత ప్రేమగా చూసి ఉంటారో ఊహించుకో. 1996 మొదట్లో ఆ కార్యాలయాన్నే మూసేశారు.

తెలుగువాళ్లకు నిజంగా దక్కింది వేరే ఉంది. దక్షిణాఫ్రికా రాజ్యాంగం 6వ సెక్షన్‌లో భాషా బోర్డు ఆదరించాల్సిన భాషల్లో తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు తెలుగు పేరు ఉంది. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నటాల్ చెరకు తోటలకు వచ్చిన కూలీల భాష దేశ రాజ్యాంగంలోకి ఎక్కింది. డర్బన్‌లో 1931 నుంచి ఆంధ్ర మహాసభ ఉంది.

ఇంకో చేదు నిజం. 1994లో నటాల్ భారతీయుల్లో ఎక్కువమంది మండేలాకు ఓటెయ్యలేదు, నేషనల్ పార్టీకి వేశారు. మా ఆఫీసులో ఒకాయన తండ్రి డర్బన్‌లో భారతీయులుండే చాట్స్‌వర్త్‌లో ఉంటారు. 'తెల్లవాడి కింద రెండో మెట్టు మీద ఉన్నాం, నల్లవాడొస్తే ఆ మెట్టు కూడా పోతుందేమో అని భయపడ్డాం' అని దాపరికం లేకుండా చెబుతారు. డి క్లర్క్‌కు వచ్చిన 20 శాతంలో తెల్లవాళ్లు కానివాళ్ల ఓట్లు చాలా ఉన్నాయి. ఆయన ఆరుగురు మంత్రుల్లో ఏబ్ విలియమ్స్ తెల్లవాడు కాదు, సంక్షేమ శాఖ ఆయనదే.

ఓరుగల్లు శారద:
జోబర్గ్ గారు రాసింది బాగుంది. నేను ఉపమంత్రుల జాబితా గురించి చెప్పాలి, అసలు కథ అందులోనే ఉంది. ఒక పార్టీ మంత్రి కింద ఇంకో పార్టీ ఉపమంత్రిని పెట్టడం మామూలైపోయింది. రూల్ఫ్ మేయర్ రాజ్యాంగ వ్యవహారాల మంత్రి, నేషనల్ పార్టీ. ఆయన కింద ఏఎన్‌సీ వల్లీ మూసా. ఆర్థిక శాఖలో కీస్ కింద ఏఎన్‌సీ అలెక్ ఎర్విన్. పర్యావరణ శాఖ మంత్రి డావీ డి విలియర్స్ ఒకప్పటి రగ్బీ కెప్టెన్, ఆయన కింద, పాత ప్రభుత్వం నల్లజాతివాళ్లకని విడదీసిన ట్రాన్స్‌కీ ప్రాంతాన్ని సైనికపాలకుడిగా ఏలిన, ఏఎన్‌సీ బంటూ హోలోమిసా. పోలీసు శాఖలో ముఫమాడి కింద ఇంకాథా జో మాథ్యూస్.

అన్నిటికంటే విడ్డూరం కళలు, సంస్కృతి, శాస్త్ర శాఖ. మంత్రి ఇంకాథా బెన్ ఎన్గుబానే. ఉపమంత్రి విన్నీ మండేలా! అధ్యక్షుడితో విడిగా ఉంటున్న భార్య, ఆయన ప్రత్యర్థి పార్టీ మంత్రి కింద.

1995లో మండేలా ఆమెను తీసేశాడు. తీసేయడం కూడా అంత తేలిక కాలేదు. తాత్కాలిక రాజ్యాంగం ప్రకారం నియమించాలన్నా తొలగించాలన్నా ఉపాధ్యక్షులనూ భాగస్వామ్య పార్టీల నాయకులనూ సంప్రదించాలి. తనను సంప్రదించలేదని ఇంకాథా నాయకుడు బుతెలెజి అఫిడవిట్ వేశాడు. తొలగింపు చెల్లదన్న పరిస్థితి వచ్చేసరికి మండేలా ఆమెను మళ్లీ పదవిలోకి తీసుకుని, ఈసారి పద్ధతి ప్రకారం తొలగించబోతే, ఆమే రాజీనామా చేసింది. చిన్న పార్టీ చేతిలో వీటో లేకపోయినా 'నన్ను అడిగారా' అనే హక్కు ఒక అధ్యక్షుణ్ణి ఎంత ఇరుకున పెట్టగలదో చూడండి.

సీమ రాముడు:
మేడమ్, ఇది రాజ్యాంగమా, ఉమ్మడి కుటుంబం గొడవా? :)

ఏమైనా నా ప్రశ్న అలాగే ఉంది. వీటో లేదన్నారు. పదవులున్నాయి. మరి నేషనల్ పార్టీ ఆ రెండేళ్లలో ఏం ఆపింది, ఏం సాధించింది?

ఓరుగల్లు శారద:
ఆపలేకపోయిన దానికి మంచి ఉదాహరణ 1995 జనవరి. ఎన్నికలకు సరిగ్గా ముందు, పాత ప్రభుత్వం దిగిపోతూ దిగిపోతూ, సుమారు 3,500 మంది పోలీసులకూ ఇద్దరు మాజీ మంత్రులకూ కేసుల నుంచి రక్షణ ఇచ్చే కాగితాలు తయారుచేసింది. ఆ మంత్రులు అడ్రియాన్ వ్లోక్, మాగ్నస్ మలాన్. కొత్త మంత్రివర్గం అవి చెల్లవంది. ఆ సమావేశంలో మండేలా డి క్లర్క్ మీద అందరి ముందూ విరుచుకుపడ్డాడు. రహస్యంగా చేశావు, నీ నిజాయితీ మీద నాకు నమ్మకం లేదన్నట్టు. డి క్లర్క్ ప్రభుత్వంలో ఉండాలా వద్దా ఆలోచిస్తానన్నాడు. రెండు రోజుల తర్వాత ఇద్దరూ పక్కపక్కన నిలబడి రాజీ అయిందని చెప్పారు. కాగితాలు మాత్రం చెల్లలేదు. ఆ ఏడాదే సత్యశోధన, సయోధ్య కమిషన్ చట్టం వచ్చింది. క్షమాభిక్ష కావాలంటే చేసిన పని పూర్తిగా బయటపెట్టి అడగాలి.

సాధించిందంటారా, ఉద్యోగుల హామీలు, ఆస్తిహక్కు. ఆస్తిహక్కు తుది రాజ్యాంగంలోనూ మిగిలింది. కానీ అది వచ్చింది మంత్రివర్గంలో కూర్చోవడం వల్ల కాదు. 1993లోనే 34 రాజ్యాంగ సూత్రాలు రాసుకున్నారు, తుది రాజ్యాంగం వాటికి లోబడి ఉందో లేదో రాజ్యాంగ న్యాయస్థానం తేల్చాలి. 1996 సెప్టెంబరులో కోర్టు మొదటి ముసాయిదాను వెనక్కి పంపింది కూడా. మైనారిటీకి అసలైన కాపు కోర్టు. మంత్రివర్గం కాదు.

లెక్కలమాస్టారు:
శారద గారితో ఇక్కడ విభేదిస్తాను. కోర్టు కాగితం మీద కాపు. కానీ 1994 మేలో ఒక తెల్ల పోలీసు కెప్టెన్, ఒక బ్యాంకు అధికారి, ఒక రైతు పొద్దున్నే పేపరు తెరిచినప్పుడు కనిపించింది ఫొటో. వ్యవసాయ మంత్రి క్రాయ్ వాన్ నీకెర్క్, పాత ప్రభుత్వంలోనూ ఆయనే. ఈ మనిషి లోపల ఉన్నాడు కాబట్టి మన పొలం రేపు పొద్దున్నే పోదు. ఎన్నికలకు వారం ముందు వరకు బహిష్కరిస్తానన్న బుతెలెజి, చివరి నిమిషంలో బ్యాలెట్ పత్రాలకు స్టిక్కర్ అతికించి మరీ పోటీలోకి వచ్చాడు. అతను హోంమంత్రి. క్వాజులు-నటాల్‌లో ఇంకాథా ప్రభుత్వం ఏర్పడితే అందులో ఏఎన్‌సీ నుంచి జాకబ్ జుమా మంత్రి. ఇవేవీ చట్టం గెలిపించినవి కావు, మనుషులను నెమ్మదింపజేసినవి. ఆ కాస్త సమయమే కొన్నారు.

పాతపేపరు:
మాస్టారు చెప్పిన బుతెలెజి పాయింట్ చదువుతుంటే మన 1946 తాత్కాలిక ప్రభుత్వం గుర్తొచ్చింది. నెహ్రూ సెప్టెంబరు 2న చేరాడు, ముస్లిం లీగ్ అక్టోబరు 26న. లీగ్ మంత్రులు ప్రభుత్వంలో ఉంటూనే రాజ్యాంగ సభను బహిష్కరించారు. ఆర్థిక శాఖ లియాఖత్ అలీ ఖాన్ చేతిలో ఉంది. 1947 బడ్జెట్‌లో లక్ష దాటిన వ్యాపార లాభాల మీద 25 శాతం పన్ను వేసేసరికి కాంగ్రెస్‌ను పోషించే పారిశ్రామికవేత్తలు గగ్గోలు పెట్టారు. ఇంకాథా కూడా 1995లో రాజ్యాంగ సభ నుంచి బయటికొచ్చి, మంత్రివర్గంలో మాత్రం కూర్చుంది. మన దగ్గర పగిలింది, దక్షిణాఫ్రికాలో పగల్లేదు. ఎందుకంటారు?

ఓరుగల్లు శారద:
పోలిక బాగుంది కానీ ఒక తేడా పెద్దది. లీగ్‌కు బయటికి వెళ్లడానికి ఒక దేశం సిద్ధమవుతోంది. బుతెలెజికి అలాంటిది లేదు. ఏఎన్‌సీ దగ్గర సొంతంగా మెజారిటీ ఉంది, ఆయన లేకపోయినా ప్రభుత్వం పడదు. 1946లో పైన వైస్రాయ్ కూర్చుని ఉన్నాడు, రెండు పక్షాల మంత్రులూ తగువు తీర్చమని ఆయన దగ్గరికి పోవచ్చు. 1994లో తగువు తీర్చే మూడోవాడు లేడు. మండేలా లేనప్పుడు మంత్రివర్గానికి అధ్యక్షత వహించేది ఇద్దరు ఉపాధ్యక్షులు, అంటే ఏఎన్‌సీ ఎంబెకి, డి క్లర్క్‌లే, వంతులవారీగా. వాళ్లలో వాళ్లే తేల్చుకోవాలి.

సీమ రాముడు:
మరి అంత బాగుంటే డి క్లర్క్ ఎందుకు వెళ్లిపోయాడు? పాతపేపరు గారి రెండో ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

జోబర్గ్ ప్రవాసి:
తేదీలు చూస్తే చాలు. 1996 మే 8న తుది రాజ్యాంగం ఆమోదం పొందింది. అనుకూలం 421, వ్యతిరేకం 2, తటస్థం 10. నేషనల్ పార్టీ అనుకూలంగానే ఓటేసింది. మర్నాడు, మే 9న, డి క్లర్క్ ప్రభుత్వం నుంచి వైదొలుగుతున్నామని ప్రకటించాడు. జూన్ 30 నుంచి అమలు.

కొత్త రాజ్యాంగంలో 1999 తర్వాత తప్పనిసరి అధికార భాగస్వామ్యం లేదు. అది కావాలని ఆయన అడిగాడు, దక్కలేదు. అంటే ఎలాగూ ఇంకో మూడేళ్లలో పోవాల్సిందే. అప్పటిదాకా లోపల ఉంటే ప్రతిపక్షంగా మాట్లాడలేడు. పెరిగిన నేరాలకూ, పడిపోతున్న రాండ్‌కూ తనూ బాధ్యుడే. పార్టీలో సగంమంది బయటికి రమ్మంటున్నారు. మేయర్, పిక్ బోతా లాంటివాళ్లు ఉందామన్నారని చెబుతారు. బోతా అంతటితో రాజకీయాలే వదిలేశాడు. నేషనల్ పార్టీ వెళ్లాక రూల్ఫ్ మేయర్ పాత శాఖకు మంత్రి అయింది ఎవరనుకున్నారు? ఆయన కింద ఉపమంత్రిగా పనిచేసిన వల్లీ మూసా.

నా అభిప్రాయం అడిగితే డి క్లర్క్ చేసిన అతిపెద్ద పొరపాటు ఇదే. బయటికొచ్చి బలపడతామనుకున్నాడు. 1999లో ఆ పార్టీకి 7 శాతం ఓట్లు కూడా రాలేదు, 82 సీట్లు 28 అయ్యాయి. 2005 నాటికి పార్టీ రద్దయి, నాయకులు పోయి చేరింది ఏఎన్‌సీలోనే! మేయర్ 1997లోనే విడిపోయి, ఏఎన్‌సీ బహిష్కరించిన హోలోమిసాతో కలిసి కొత్త పార్టీ పెట్టాడు. ఒకప్పుడు ఒకే ప్రభుత్వంలో ఎదురెదురు పార్టీల వాళ్లు.

చిరుసందేహం:
బుతెలెజి మాత్రం ఉండిపోయాడు కదా?

జోబర్గ్ ప్రవాసి:
ఉండిపోయాడు, అదీ 2004 దాకా. 1999లో తప్పనిసరి నిబంధన పోయాక కూడా కొత్త అధ్యక్షుడు ఎంబెకి ఆయన్ను హోంమంత్రిగా కొనసాగించాడు. అధ్యక్షుడూ ఉపాధ్యక్షుడూ విదేశాల్లో ఉన్నప్పుడు చాలాసార్లు తాత్కాలిక అధ్యక్షుడయ్యాడు. 1998 సెప్టెంబరులో లెసోతోలోకి సైన్యాన్ని పంపినప్పుడు దక్షిణాఫ్రికా తాత్కాలిక అధ్యక్షుడు బుతెలెజి. నాలుగేళ్ల కిందట ఎన్నికలే వద్దన్న మనిషి.

సీమ రాముడు:
చూశారా, అందుకే అంటున్నా. పదవిలో ఉంచితే ఎవడైనా మెత్తబడతాడు. ఇది సయోధ్య కాదు, మచ్చిక చేసుకోవడం. నటాల్‌లో చచ్చిపోయిన వేలమందికి న్యాయం ఎవరు చేశారు?

ఓరుగల్లు శారద:
ఆ ప్రశ్నకు నా దగ్గర తేలికైన జవాబు లేదు రాముడు గారూ. సత్యశోధన కమిషన్ నివేదికలో ఇంకాథా పేరు గట్టిగానే ఉంది. శిక్షలు మాత్రం పెద్దగా పడలేదు. కానీ 1994 తర్వాత నటాల్‌లో రాజకీయ హత్యలు ఏటేటా తగ్గుతూ వచ్చాయి. హోంశాఖ ఇచ్చి మచ్చిక చేసుకున్నారంటే, చేసుకోనీయండి. ప్రాణాలు మిగిలాయి.

సీమ రాముడు:
మిగిలినవాళ్ల తరఫున మీరు మాట్లాడుతున్నారు, పోయినవాళ్ల తరఫున నేను. ఇక్కడ కలవం.

నిర్వాహకుడు:
ఇద్దరూ మర్యాద దాటలేదు, సంతోషం. పోలికల కోసం పోలండ్, చిలీ దారాలు వేరే ఉన్నాయి, అక్కడ రాయండి. ఇక్కడ దక్షిణాఫ్రికాకే పరిమితం అవుదాం.

పాతపేపరు:
చివరిగా ఒక సందేహం. 2024లో మళ్లీ జాతీయ ఐక్యతా ప్రభుత్వం అని పేరు పెట్టారు కదా. అదీ ఇదీ ఒకటేనా?

జోబర్గ్ ప్రవాసి:
పేరు ఒకటే, లోపలి యంత్రం వేరు. 2024 మే ఎన్నికల్లో ఏఎన్‌సీకి 40 శాతం, 159 సీట్లు. ఇప్పుడు ఏ పార్టీకీ రాజ్యాంగం మంత్రి పదవి హామీ ఇవ్వదు. అంతా ఒప్పందం మీద నడుస్తోంది. ఆ ఒప్పందంలో నిర్ణయాలకు 'తగినంత ఏకాభిప్రాయం' కావాలని, అంటే జాతీయ సభ సీట్లలో 60 శాతం బలం ఉన్న భాగస్వామ్య పార్టీలు ఒప్పుకోవాలని రాసుకున్నారు.

ఇప్పుడు పోల్చండి. 1994లో నేషనల్ పార్టీకి 82 సీట్లు, రాజ్యాంగమే ఇచ్చిన ఆరు శాఖలు, ఉపాధ్యక్ష పదవి. అయినా 3,500 మంది పోలీసుల కాగితాలు కాపాడుకోలేకపోయింది. 2024లో రెండో పెద్ద పార్టీ, ఏఎన్‌సీ భాగస్వామి డెమోక్రటిక్ అలయన్స్‌కు 87 సీట్లు, శాఖలు ఆరే, ఉపాధ్యక్ష పదవి లేదు, రాజ్యాంగ హామీ అసలే లేదు. అయినా 2025 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి బడ్జెట్ చదవాల్సిన రోజునే అది వాయిదా పడింది. వ్యాట్ రెండు శాతం పెంచుతామంటే వీళ్లు ఒప్పుకోలేదు. చివరికి ఏప్రిల్‌లో పెంపు మొత్తం ఉపసంహరించుకున్నారు. శారద గారు పైన అన్న గ్యారంటీల కంటే ఏఎన్‌సీ సీట్లు 252 నుంచి 159కి పడిపోవడం ఎక్కువ పనిచేసింది.

సీమ రాముడు:
అయితే వీళ్లు కూడా డి క్లర్క్ లాగా లేచి వెళ్లిపోతే?

లెక్కలమాస్టారు:
1996లో డి క్లర్క్ వెళ్లినా ఏఎన్‌సీకి 252 ఉన్నాయి, చీమ కుట్టినట్టు కూడా లేదు. ఇప్పుడు మెజారిటీకి 201 కావాలి, ఉన్నవి 159, తక్కువ 42. ఇంకాథాకు 17, కలిపితే 176. వామపక్ష పార్టీ ఈఎఫ్ఎఫ్‌కు 39, ఇంకాథా లేకుండా దాంతో వెళ్తే 198, ఇంకో మూడు కావాలి. ఇప్పుడు ఏఎన్‌సీలో లేని జాకబ్ జుమా నడిపే ఎంకే పార్టీకి 58, అది కలిస్తే ఒక్కదాంతోనే గట్టెక్కుతుంది, కానీ జుమా మొదటి షరతు ఏఎన్‌సీ నాయకుడు, అధ్యక్షుడు రమఫోసా దిగిపోవడం. చిన్న పార్టీల సీట్లు కూడా చేర్చి పూర్తి పట్టిక వేసి ఈ దారంలోనే పెడతాను.